లండన్ విశ్వవిద్యాలయాల బహిరంగ ఉపన్యాసాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చదువుకోవడానికి లండన్ వచ్చిన మన పిల్లలు, ఉద్యోగాల మీద వచ్చిన కుటుంబాలు, మనవలను చూసుకోవడానికి వచ్చి ఆరు నెలలు ఉండిపోయే పెద్దలు నన్ను పదే పదే అడిగే ప్రశ్నలివి. 12 ఏళ్ళుగా నేను పగలు లెక్కల ఉద్యోగం చేసుకుంటూ, వారానికి ఒకటి రెండు సాయంత్రాలు ఈ సభలకు వెళుతున్నాను. అడిగిన ప్రతివాళ్ళకూ ఫోనులో చెప్పిందే చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే మేలనిపించింది.

బహిరంగ ఉపన్యాసం అంటే ఏమిటి? తరగతి పాఠానికీ దీనికీ తేడా ఏమిటి?

విశ్వవిద్యాలయం తన విద్యార్థులకే కాక ఊళ్ళో వాళ్ళందరికీ పెట్టే సభ ఇది. హాజరు పట్టీ, పరీక్ష, ఫీజు ఏవీ ఉండవు. ఒకరోజు మాజీ ప్రధాని మాట్లాడతారు, మర్నాడు శరణార్థి శిబిరాల్లో పనిచేసిన వైద్యురాలు, ఆ పై వారం చేతిరాత ప్రతుల మీద 20 ఏళ్ళు పనిచేసిన పండితుడు. వాణిజ్య ఒప్పందాలు, యుద్ధాలు, వలసలు, నదీజలాలు, భాషలు, సంగ్రహాలయాల్లోని విగ్రహాలు, ఇవన్నీ ఆ వేదిక మీదికి వస్తాయి. రెండు దేశాల మధ్య నడిచే వ్యవహారాన్ని పత్రికలో రెండు పేరాల్లో చదవడం వేరు, ఆ వ్యవహారం నడిపిన మనిషిని ఎదురుగా కూర్చుని గంటసేపు వినడం వేరు.

నేను ఆ విశ్వవిద్యాలయం విద్యార్థిని కాను. లోపలికి రానిస్తారా?

రానిస్తారు. అందరూ ముందు అడిగేది ఇదే కాబట్టి గట్టిగా చెబుతున్నాను, రానిస్తారు. "అందరికీ ప్రవేశం" అని ప్రకటనలో ఉంటే దాని అర్థం అదే. మీరు ఏ చదువు చదివారు, ఏ వీసా మీద ఉన్నారు, ఏం పని చేస్తున్నారు అని ఎవరూ అడగరు. మన దగ్గర విశ్వవిద్యాలయం గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించి అలవాటైన మనకు కాళ్ళు కాస్త వెనక్కి లాగుతాయి. గిడ్డంగిలో రాత్రి పని చేసే కుర్రవాడొకడు సభ దాకా వచ్చి, గాజు తలుపుల బయట పది నిమిషాలు నిలబడి వెనుదిరిగిపోయానని నాతో చెప్పాడు. అతను వెళ్ళిపోయిన ఆ రోజు హాల్లో సగం కుర్చీలు ఖాళీ. అతనికోసమే ఈ జవాబు ఇంత పొడుగు రాశాను.

టికెట్టు కొనాలా?

చాలావాటికి అక్కర్లేదు. కొన్నింటికి ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, అదీ ఉచితమే. పెద్ద పేరున్న వక్త వస్తే సీట్లు తొందరగా అయిపోతాయి కాబట్టి నమోదు తెరిచిన రోజే చేసుకోండి. టికెట్టు లేని సభల్లో ముందు వచ్చినవాళ్ళకు ముందు చోటు. అరగంట ముందు చేరుకుంటే నడవా పక్క కుర్చీ దొరుకుతుంది, మైకు త్వరగా అందేది అక్కడికే. నమోదు చేసుకుని వెళ్ళలేకపోతే రద్దు చేయండి, ఆ కుర్చీ మరొకరికి దక్కుతుంది.

ఇవి ఎక్కడెక్కడ జరుగుతాయి?

హోబర్న్ మెట్రో స్టేషన్‌లో దిగండి. అక్కడినుంచి నడిచి వెళ్ళగలిగే దూరంలో మూడు శతాబ్దాలకు పైగా తేడాతో పుట్టిన సంస్థలున్నాయి.

అన్నింటికన్నా పాతది గ్రెషమ్ కళాశాల. సర్ థామస్ గ్రెషమ్ అనే వర్తకుడు రాసిపెట్టిన వీలునామా ప్రకారం 1597లో మొదలైంది. దీనికి విద్యార్థులు లేరు, ఇది పట్టాలు ఇవ్వదు. ఖగోళశాస్త్రం, జ్యామితి, న్యాయం, సంగీతం, వైద్యం, వాక్కళ, దైవశాస్త్రం అనే ఏడు విషయాల్లో ఆచార్యులను పెట్టి, ఊరివాళ్ళకు ఉచితంగా ఉపన్యాసాలు ఇప్పించాలన్నది ఆయన ఏర్పాటు. సెయింట్ పాల్స్ చర్చిని కట్టిన క్రిస్టఫర్ రెన్ అక్కడ ఖగోళశాస్త్ర ఆచార్యుడిగా ఉన్నాడు. ఇప్పటికీ ప్రవేశం ఉచితమే. మన వైపు ధర్మసత్రాలు, అన్నదాన సత్రాలు పెట్టిన వర్తకులు చాలామంది ఉన్నారు. ఉపన్యాసానికి సత్రం కట్టినవాడు ఈయన.

అక్కడికి దగ్గర్లోనే లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, అందరూ ఎల్‌ఎస్‌ఈ అంటారు. 1895లో స్థాపించారు. అంబేద్కర్ ఇక్కడే 1921లో ఎమ్మెస్సీ, 1923లో డీఎస్సీ (డాక్టర్ ఆఫ్ సైన్స్) పట్టాలు తీసుకున్నారు. అంతర్జాతీయ రాజకీయాల మీద సభలు నగరంలో ఎక్కువగా జరిగే చోట్లలో ఇదొకటి. సాధారణంగా సాయంత్రం ఆరున్నరకు మొదలై ఎనిమిదికి ముగుస్తాయి, అంటే ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళవచ్చు.

ఉత్తరంగా మరో పావుగంట నడిస్తే రస్సెల్ స్క్వేర్ పక్కన సోయాస్ ఉంది. ఆసియా, ఆఫ్రికా భాషలూ సమాజాలూ దాని ప్రత్యేకత, 1916లో పుట్టింది. ఆవరణలో తిరువళ్ళువర్ విగ్రహం కనిపిస్తుంది. మరికాస్త ముందుకు వెళితే టావిస్టాక్ స్క్వేర్‌లో పద్మాసనంలో కూర్చున్న గాంధీ. సభకు ముందు అరగంట మిగిలితే నేను అక్కడి బల్ల మీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర తింటాను.

యూసీఎల్ (యూనివర్సిటీ కాలేజ్ లండన్), కింగ్స్ కళాశాల కూడా ఇదే చుట్టుపక్కల ఉన్నాయి, వాటి ప్రకటనలూ చూస్తూ ఉండండి. అక్టోబరు నుంచి మార్చి వరకు సభలు మెండుగా ఉంటాయి, పరీక్షల కాలంలో పలచబడతాయి, వేసవిలో దాదాపు ఆగిపోతాయి.

నాకు ఇంగ్లీషు అంత బాగా రాదు. అర్థమవుతుందా?

మొదటి రెండు సభల్లో సగమే అర్థమవుతుంది, మూడో దానికి చెవి అలవాటు పడుతుంది. వెళ్ళేముందు విషయం గురించి తెలుగు పత్రికలో వచ్చిన ఒక వ్యాసమైనా చదవండి. దేశాల పేర్లు, ఒప్పందాల పేర్లు, సంవత్సరాలు ముందే తెలిసి ఉంటే మాటల ప్రవాహంలో అవే పట్టుకొమ్మలు అవుతాయి. ఇంకో మాట: వేదిక మీద ఉన్నవాళ్ళలో చాలామందికి కూడా ఇంగ్లీషు మాతృభాష కాదు. సెనెగల్ నుంచి, బ్రెజిల్ నుంచి, లెబనాన్ నుంచి వచ్చినవాళ్ళు తమ యాసలోనే నిబ్బరంగా మాట్లాడతారు. మన యాసకు మనం సిగ్గుపడాల్సిన పని లేదు.

సభ ఎలా నడుస్తుంది?

అధ్యక్షులు రెండు మూడు నిమిషాల్లో వక్తను పరిచయం చేస్తారు. వక్త 40 నిమిషాలు, ఎక్కువైతే 50 నిమిషాలు మాట్లాడతారు. మిగిలిన సమయమంతా శ్రోతలది. నాకు ఈ సభల మీద ప్రేమ కలిగింది ఈ మూడో భాగం వల్లే.

మన సభలను నేను తక్కువ చేయడం లేదు, వాటిలోనే పెరిగాను. కానీ వేదిక మీద తొమ్మిది కుర్చీలు, జ్యోతి ప్రజ్వలన, ఒక్కొక్కరి పరిచయం, శాలువాలు, జ్ఞాపికలు, చివరికి వందన సమర్పణ, వీటన్నిటికీ కార్యక్రమ పత్రంలో చోటు ఉంటుంది, శ్రోత ప్రశ్నకు ఉండదు. ముఖ్య వక్త చేతికి మైకు వచ్చేసరికి తొమ్మిదవుతుంది, అందరి కళ్ళూ ఆఖరి బస్సు మీద ఉంటాయి. ఇది మన అసలు పద్ధతి కాదని నా నమ్మకం. అవధానం చూడండి. ప్రశ్న అడిగేవాడికి పృచ్ఛకుడని పేరు పెట్టి, అవధాని ఎదుట కూర్చోబెట్టి, అడ్డు తగలడం కూడా ఒక విద్యగా గౌరవించిన భాష మనది. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు లేకపోతే అవధానమే లేదు. నిషిద్ధాక్షరి ఇచ్చేవాడు అక్షరం అక్షరానికీ అడ్డుపడతాడు, అప్రస్తుత ప్రసంగం చేసేవాడు ఏకాగ్రత చెదరగొడతాడు, అయినా అవధాని పద్యం పూర్తి చేస్తాడు. సభ నిండేది అప్పుడే. లండన్‌లో మైకు చేత పట్టుకుని లేచి నిలబడే ప్రతి శ్రోతలోనూ నాకు ఒక పృచ్ఛకుడు కనిపిస్తాడు.

ప్రశ్న ఎలా అడగాలి?

పేరు చెప్పండి, ఒక్క వాక్యంలో సందర్భం చెప్పండి, ఒక్క ప్రశ్న అడగండి, కూర్చోండి. మొత్తం అర నిమిషం. కాగితం మీద రాసుకుని చదివినా ఎవరూ ఏమీ అనుకోరు. వక్తను పొగడడంతో సమయం గడపవద్దు, సొంత ఉపన్యాసం మొదలుపెట్టవద్దు. అధ్యక్షులు మూడేసి ప్రశ్నలు కలిపి తీసుకుంటారు కాబట్టి చిన్న ప్రశ్నకే సూటి జవాబు వస్తుంది.

ఇంతకన్నా మంచి సలహా మా నాన్నగారి ప్రశ్నలో ఉంది. ఆయన తెనాలి దగ్గర ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. మా అమ్మాయి పుట్టినప్పుడు ఇక్కడికి వచ్చి ఆరు నెలలు ఉన్నారు. నవంబరులో నాలుగింటికే చీకటి పడుతుంటే ఇంట్లో ఆయనకు ఊపిరాడేది కాదు. ఒక సాయంత్రం నైలు నది నీళ్ళ పంపకం మీద సభ ఉంటే వెంట తీసుకెళ్ళాను.

వక్త 1959 ఒప్పందం గురించి వివరించారు. ఏడాదికి ఈజిప్టుకు 5,550 కోట్ల ఘనపు మీటర్లు, సుడాన్‌కు 1,850 కోట్లు అని తెర మీద చూపించారు. నైలు నీళ్ళలో ఎక్కువ భాగం పుట్టే ఇథియోపియాకు ఆ ఒప్పందంలో చోటే లేదు. అందుకే ఇథియోపియా కట్టిన పెద్ద ఆనకట్ట చుట్టూ ఇన్నేళ్ళు గొడవ నడిచిందని చెప్పారు. నాన్నగారు జేబులోంచి కలం తీసి, బస్సు వేళల కాగితం వెనక ఏదో గుణిస్తున్నారు. కాసేపటికి నా వైపు వంగి, "ఈజిప్టు వాటా 1,960 టీఎంసీలురా. కృష్ణలో బచావత్ ట్రిబ్యునల్ మనకిచ్చింది 811" అన్నారు. కృష్ణా డెల్టాలో పుట్టినవాడికి ఏ దేశపు నది అయినా టీఎంసీల్లోనే తలకెక్కుతుంది.

ప్రశ్నల సమయం రాగానే చెయ్యి ఎత్తారు. నాకు గుండె దడదడలాడింది. మైకు వచ్చింది. నిలబడి, పాఠం చెప్పినంత నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి ఇంగ్లీషులో అడిగారు: "నేను భారతదేశంలో ఒక కాలువ చివర ఉన్న ఊరివాణ్ణి. దేశాలు నీళ్ళు పంచుకున్నాక ఆ నీరు చివరి పొలం దాకా చేరిందో లేదో చూసే బాధ్యత మీ ఒప్పందాల్లో ఎవరి మీద ఉంటుంది?"

హాలు ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. వక్త నీళ్ళు తాగి, అంతర్జాతీయ ఒప్పందాలు సరిహద్దు దాకా వచ్చి ఆగిపోతాయని, సరిహద్దు లోపల ఏం జరుగుతుందన్నది ఆ దేశం ఇష్టానికి వదిలేస్తారని, ఆ వదిలేసిన చోటే కరవు మొదలవుతుందని చెప్పారు. ఆ గంటన్నరలో నేను రాసుకున్న వాటిలో అంత విలువైన మాట ఇంకొకటి లేదు. ప్రశ్న పుస్తకంలోంచే రావాలని లేదు. మీ ఊళ్ళోంచి, మీ వృత్తిలోంచి తెచ్చిన ప్రశ్న అక్కడ ఇంకెవరి దగ్గరా ఉండదు.

ఒక ఉపన్యాసంతో ప్రపంచంలో ఏమైనా మారుతుందా?

చాలావాటితో ఏమీ మారదు. కొన్నింటితో మారింది.

1947 జూన్ 5న అమెరికా విదేశాంగ మంత్రి జార్జ్ మార్షల్ హార్వర్డ్‌కు గౌరవ పట్టా అందుకోవడానికి వెళ్ళారు. అక్కడ పావుగంట కూడా పట్టని ప్రసంగం చేశారు, పెద్ద ఆర్భాటం లేకుండా. యుద్ధంలో కూలిపోయిన ఐరోపా తన అవసరాలేమిటో తానే కూర్చుని తేల్చుకోవాలి, అప్పుడు అమెరికా సాయం చేస్తుంది అన్నది సారాంశం. బ్రిటన్ విదేశాంగ మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ ఆ వార్తను బీబీసీ రేడియోలో విని వెంటనే కదిలారు. ఆ వేసవిలోనే 16 దేశాలు ప్యారిస్‌లో సమావేశమయ్యాయి. మార్షల్ ప్రణాళిక పేరుతో ఆ సాయం 1948 ఏప్రిల్‌లో చట్టమైంది, నాలుగేళ్ళలో సుమారు 1,300 కోట్ల డాలర్ల సాయం అందింది.

నన్ను కదిలించేది మాత్రం ఇంకొకటి. 1961 మే 30న ఆక్స్‌ఫర్డ్‌లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షోల్డ్ ఉపన్యసించారు. కాంగో సంక్షోభం ముదిరిన రోజులవి. తటస్థ దేశాలు ఉండవచ్చు గానీ తటస్థ మనుషులు ఉండరని సోవియట్ నాయకుడు కృశ్చేవ్ అన్నారు. ప్రధాన కార్యదర్శి పదవినే ముక్కలు చేసి మూడు కూటములకు మూడు కుర్చీలు వేయాలని ఒత్తిడి తెచ్చారు. దానికి హామర్‌షోల్డ్ ఇచ్చిన జవాబు ఆ ఉపన్యాసం. తటస్థత అంటే అభిప్రాయాలు లేకపోవడం కాదని, చట్టానికీ సత్యానికీ కట్టుబడి ఉండడం వల్ల ఎవరో ఒకరితో విభేదం వస్తే అది నిజాయితీకి గుర్తే గానీ పక్షపాతానికి గుర్తు కాదని ఆయన వాదించారు. అదే ఏడాది సెప్టెంబరులో, కాంగోలో కాల్పుల విరమణ కోసం వెళుతూ, ఇప్పటి జాంబియాలోని ఎన్‌డోలా దగ్గర విమాన ప్రమాదంలో చనిపోయారు. ఆ ఉపన్యాసంతో ఏ నిధులూ విడుదల కాలేదు, ఏ సరిహద్దూ కదలలేదు. అయినా అంతర్జాతీయ ఉద్యోగి ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా ఈనాటికీ ఆ పాఠాన్నే తిరగేస్తారు.

సంస్కృతి గురించిన సభకు వెళితే అక్కడా రాజకీయాలే మాట్లాడారు. ఎందుకు?

విగ్రహం సంస్కృతే. అది ఎవరి అద్దాల పెట్టెలో ఉందన్నది రాజకీయం. రెండింటినీ విడదీయలేం.

2017 నవంబరు 28న ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ బుర్కినా ఫాసో రాజధాని వాగడూగూలోని విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ముందు మాట్లాడారు. ఆఫ్రికా వారసత్వ సంపదను తాత్కాలికంగానో శాశ్వతంగానో ఆఫ్రికాకు తిరిగి ఇవ్వడానికి అయిదేళ్ళలో మార్గం ఏర్పడాలని అన్నారు. తర్వాత విద్యార్థులు గంటకు పైగా ప్రశ్నలతో నిలదీశారు. మాట వేదిక మీదే ఆగిపోలేదు. 2018లో ఒక నివేదిక, 2020 డిసెంబరులో ఒక చట్టం వచ్చాయి. 1892లో ఫ్రెంచి సైన్యం అబోమే రాజభవనం నుంచి ఎత్తుకుపోయిన 26 వస్తువులు 2021 నవంబరులో బెనిన్ చేరాయి.

ఇది మనకు దూరపు సంగతి కాదు. సోయాస్ నుంచి అయిదు నిమిషాలు నడిస్తే బ్రిటిష్ మ్యూజియం. అందులో 33ఏ నంబరు గది అమరావతి శిల్పాలది. కృష్ణ ఒడ్డున ఉన్న మహాస్తూపానికి తొడిగిన సున్నపురాతి పలకలు నూటికి పైగా అక్కడి సేకరణలో ఉన్నాయి. కర్నల్ మెకంజీ 1797లో ఆ దిబ్బను చూశారు, 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసు చేరి, 1859లో ఓడెక్కి లండన్ వచ్చాయి. 1880లో ఈ మ్యూజియానికి దక్కాయి. సేకరణలోని వస్తువులను వదులుకోవడానికి 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం చాలా తక్కువ సందర్భాల్లోనే వీలు ఇస్తుంది.

ఆ గదికి వెళ్ళండి. ఒక పలక మీద స్తూపమే చెక్కి ఉంటుంది: చుట్టూ ప్రాకారం, గుమ్మం దగ్గర సింహాలు, పైన గాలిలో తేలుతూ నమస్కరించే దేవగణం. అరచేతి వెడల్పు చోటులో ఇంతమంది మనుషులు ఎలా ఇమిడారా అనిపిస్తుంది. అది చూసి వెళ్ళి వారసత్వ సంపద మీద సభలో కూర్చుంటే, వక్త వాడే ప్రతి మాటా మీకు వేరేగా వినిపిస్తుంది. గ్రీసు పార్థెనాన్ శిల్పాల గురించి, నైజీరియా కంచు విగ్రహాల గురించి ప్రశ్నలు వేసేవాళ్ళు ప్రతి సభలోనూ ఉంటారు. అమరావతి పేరు ఎత్తడానికి మనవాళ్ళు ఉండాలి.

నాకు ఏమాత్రం నచ్చని వక్తను పిలిచారు. వెళ్ళాలా, మానేయాలా?

నేనైతే వెళతాను. 2007 సెప్టెంబరు 24న న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం ఇరాన్ అధ్యక్షుడు అహ్మదీనెజాద్‌ను పిలిచింది. వద్దని బయట నిరసనలు జరిగాయి. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు లీ బోలింజర్ తన పరిచయంలోనే, అతిథి ముఖం మీదే, ఆయన పాలనలోని అణచివేతను తీవ్రమైన మాటలతో ఎండగట్టారు. అతిథిని పిలిచి అవమానించారని కొందరు, పిలవడమే తప్పని మరికొందరు ఈనాటికీ వాదించుకుంటారు. ఇంటికి వచ్చినవాణ్ణి ఆదరించాలన్న మన మర్యాదకు ఆ పరిచయం కటువుగానే తోస్తుంది. అయినా ఆ రోజు శ్రోతలు ప్రశ్నలు అడగగలిగారు, ఆయన జవాబులు ప్రపంచమంతా విన్నది. ఇరాన్‌లో స్వలింగ సంపర్కులే లేరని ఆయన అన్నప్పుడు హాలంతా లేచిన నవ్వు ఎన్ని ఖండన వ్యాసాలకైనా సమానం.

ఇంగ్లండులో విశ్వవిద్యాలయాల్లో వాక్ స్వాతంత్ర్యాన్ని కాపాడే చట్టం 2023లో వచ్చింది, దాని ముఖ్యమైన నిబంధనలు 2025 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉన్నాయి. చట్టానికి లోబడి మాట్లాడే వక్తకు అడ్డు రాకూడదు, చట్టానికి లోబడి చేసే నిరసనకూ చోటుండాలి. బయట నిరసన ప్లకార్డులు పట్టుకున్నవాళ్ళు కనిపిస్తే భయపడకండి, వాళ్ళిచ్చే కరపత్రం కూడా తీసుకుని చదవండి.

నిరసన నిశ్శబ్దంగానూ ఉంటుంది. 1966 జూన్ 6న రాబర్ట్ కెనెడీ దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్ విశ్వవిద్యాలయంలో మాట్లాడారు. ఆయన్ని ఆహ్వానించిన విద్యార్థి సంఘ అధ్యక్షుడు ఇయాన్ రాబర్ట్‌సన్ ఆ సభకు రాకుండా వర్ణవివక్ష ప్రభుత్వం నిషేధం విధించింది. ఆయన కోసం వేదిక మీద ఒక ఖాళీ కుర్చీ ఉంచారు.

చాతమ్ హౌస్ నియమం అని ఒకచోట రాశారు. అదేమిటి?

లండన్‌లోని చాతమ్ హౌస్ అనే అంతర్జాతీయ వ్యవహారాల సంస్థ 1927లో పెట్టిన కట్టుబాటు. అక్కడ విన్న సంగతి మీరు వాడుకోవచ్చు, కానీ ఎవరు అన్నారో, వాళ్ళు ఏ సంస్థవాళ్ళో బయటపెట్టకూడదు. బహిరంగ ఉపన్యాసాలకు సాధారణంగా ఇది వర్తించదు. చిన్న గోష్ఠుల్లో మాత్రం ఉంటుంది, అలాంటప్పుడు ఫోటోలు తీసి వాట్సాప్ గుంపుల్లో పెట్టకండి.

మన విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి సంప్రదాయం లేదా?

ఉంది, గొప్పగా ఉంది. ధర్మనిధి ఉపన్యాసం అనే మాటే చాలు, ఎవరో దాత నిధి ఏర్పరిస్తే దాని వడ్డీతో ఏటేటా ఒక పండితుణ్ణి పిలిచి మాట్లాడించడం. గ్రెషమ్ చేసిందీ అదే.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పుట్టింది 1926లో. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 వరకు దానికి ఉపకులపతి. వాల్తేరుకు వచ్చేముందే ఆయన షికాగోలో, ఆక్స్‌ఫర్డ్‌లో ఉపన్యసించి వచ్చారు, వేదిక విలువ తెలిసినవారు. 1933లో అల్లాడి కృష్ణస్వామి పేరిట ఏర్పడిన ఉపన్యాసాలకు రవీంద్రనాథ్ ఠాగూర్ వాల్తేరు వచ్చారు. విషయం "మనిషి". విశ్వవిద్యాలయం వాటిని 1937లో పుస్తకంగా వేసింది. ఐరోపాలో 1933లోనే హిట్లర్ గద్దెనెక్కాడు. అదే ఏడాది బంగాళాఖాతం ఒడ్డున ఒక కవి జాతులకు అతీతమైన మనిషి గురించి తెలుగు శ్రోతలకు చెప్పడం నాకు చిన్న విషయంగా కనిపించదు.

ఇప్పుడూ విశాఖలో, హైదరాబాదులో, తిరుపతిలో స్మారకోపన్యాసాలు జరుగుతున్నాయి. వాటి కబురు ఊళ్ళోకి రాదు. నోటీసు బోర్డు మీద అంటించి ఊరుకుంటారు. గేటు దగ్గర "ఈ సభకు అందరూ రావచ్చు" అని తెలుగులో ఒక గుడ్డ కట్టినా చాలు, చివర అరగంట శ్రోతలకు వదిలినా చాలు. నిర్వాహకులు ఎవరైనా ఇది చదువుతుంటే ఈ రెండూ చేసి చూడమని మనస్ఫూర్తిగా వేడుకుంటున్నాను.

లండన్‌లో లేనివాళ్ళు ఏం చేయాలి?

ఎల్‌ఎస్‌ఈ, గ్రెషమ్ ఉపన్యాసాలు చాలావరకు ఇంటర్నెట్‌లో ఉచితంగా వినవచ్చు. కొన్నింటికి ఇంటినుంచే హాజరై ప్రశ్న రాసి పంపవచ్చు, లండన్ సాయంత్రం ఆరున్నర అంటే మనకు చలికాలంలో అర్ధరాత్రి, వేసవిలో పదకొండు. ఒంటరిగా కాక నలుగురు కలిసి వినండి, మధ్యలో ఆపి మాట్లాడుకోండి.

సభ అయ్యాక వక్తతో మాట్లాడవచ్చా?

మాట్లాడవచ్చు. పది నిమిషాలు వేదిక దగ్గరే ఉంటారు. ఉద్యోగం అడగడానికో ఫోటో కోసమో మాత్రమే వెళ్ళకండి, మిగిలిపోయిన ప్రశ్న ఉంటే వెళ్ళండి.

ఆ నవంబరు సాయంత్రం మేము కోట్లు తొడుక్కుంటుంటే నైలు గురించి మాట్లాడినాయనే మా వరుస దగ్గరికి వచ్చారు. కాలువ చివరి పొలం అన్నారే, అది ఎలా ఉంటుందో చెప్పండి అని నాన్నగారిని అడిగారు. నాన్నగారు అదే బస్సు కాగితం తిప్పి ప్రధాన కాలువ గీశారు, దానినుంచి పంట కాలువ, తూము, పిల్ల కాలువ, పైవాళ్ళు రాత్రిపూట గండి కొట్టే చోటు, ఆఖరున ఒక చిన్న చతురం. ఆ చతురం మీద వేలు పెట్టి "మాది" అన్నారు. కింద టీఎంసీల గుణకారం అలాగే ఉంది. ఆయన ఆ కాగితం తాను ఉంచుకోవచ్చా అని అడిగి, మడిచి, తన పుస్తకంలో పెట్టుకున్నారు. బస్సు వేళలు అందులోనే ఉండిపోయాయి కాబట్టి మేము మెట్రోలో ఇంటికి వెళ్ళాం.